సవరణ: తగ్గింపు ధర సాఫ్ట్‌వేర్ ప్యాక్ గురించి

తగ్గింపు ధరకు వస్తున్న సాఫ్ట్‌వేర్ ప్యాక్‌లోని ఐదు ప్రోగ్రాములూ స్క్రీన్ రీడర్‌తో (తెరపై ఉన్నదాన్ని చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) చక్కగా పనిచేస్తాయని గతవారం నేను రాసింది సరికాదు. అమ్మకందారు మాట నమ్మి రాశానే తప్ప, అన్నిటినీ స్వయంగా తెరిచి చూడలేదు. నిన్న తిరుపతిలో, చూపులేని ఒక మిత్రుడి ఇంట్లో కూర్చుని ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో పరీక్షించినప్పుడు, ఆడియో ఎడిటర్‌లో ట్యాబ్ కీ నొక్కిన ప్రతిసారీ "బటన్, బటన్" అని మాత్రమే వినిపించింది. తయారీదారులు ఆ బొమ్మ బటన్లకు పేర్లు ఇవ్వకపోవడంతో, ఏది రికార్డ్ బటనో ఏది సేవ్ బటనో ఆయనకు తెలిసే దారే లేకపోయింది. నా మాట మీద డబ్బు కట్టినవారు నన్ను మన్నించాలి. ప్యాక్ ధరలో ఎన్‌వీడీఏ కూడా కలిసి ఉందని నేను రాసిందీ పొరపాటే: 2006లో మైకేల్ కరన్ మొదలుపెట్టిన ఆ స్క్రీన్ రీడర్ ఎవరికైనా ఉచితమే. కొనేముందు ట్రయల్ వెర్షన్‌ను మౌస్ తాకకుండా, కీబోర్డుతోనే నడిపి చూడండి.