పద్నాలుగో ఇంటి కోడలు

నిన్నటి సంగతి. ఈ పాటికి మా బ్యాచ్ మొత్తానికీ తెలిసిపోయింది కాబట్టి నేనే రాసేస్తే నయం.

ఎమ్మెస్సీ న్యూట్రిషన్ రెండో ఏడాది మాది. ఫీల్డ్ ప్లేస్‌మెంట్ అని నెల రోజులు మునుగోడు వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీకి వేశారు. 30 ఇళ్లు తిరగాలి, ఇంటికొక ఆడమనిషిని నిన్న పొద్దుట్నుంచి ఏమేం తిన్నావని అడగాలి, గిన్నెల సెట్టు ముందు పెట్టి ‘ఈ గిన్నెడా, ఆ గిన్నెడా’ అని కొలత రాసుకోవాలి. 24 గంటల రీకాల్ అంటారు దీన్ని. ఫారాలు మాత్రం ఇంగ్లీషులో. తాళం వేసి ఉంటే పక్కింటికి పోకూడదు, శాంపిల్ చెడుతుంది, మళ్లీ రావాల్సిందే అని మా మేడమ్ రూలు. ఫ్యాను కింద కూర్చుని పెట్టిన రూలు అది. ఇక్కడేమో పత్తి ఏరే రోజులు, పగలు ఊళ్లో కుక్కలు తప్ప ఎవరుంటారు? ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు పుణ్యమా అని కిటకిటలాడే బస్సులో ఒంటికాలి మీద నిలబడి మూడుసార్లు పోయాను పద్నాలుగో ఇంటికి. మూడుసార్లూ తాళమే.

ఆ రాత్రి హాస్టల్లో ఆ ఫారంలో నా తిండే రాసేశాను. వయసు 22, బరువు 44 కిలోలు. ఎవరో ఒకరు తిన్నదే కదా, అబద్ధమైతే కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నిన్న మేడమ్ చెప్పాపెట్టకుండా దిగారు. ముందురోజు వాన పడి చేన్లు తడిగా ఉండటంతో ఊరంతా ఇంటిపట్టునే ఉంది, అంగన్‌వాడీ నిండుగా ఉంది. గర్భిణులు, బాలింతలు ఆరోగ్యలక్ష్మి భోజనానికి కూర్చున్నారు, అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. మేడమ్ నా కట్టలోంచి ఒక ఫారం లాగారు. ముప్పైలో ఏది వచ్చిందో చెప్పక్కర్లేదు.

చదవడం మొదలుపెట్టారు, అదీ గట్టిగా, తెలుగులోకి మార్చి మరీ. ‘పొద్దున టీ, రెండు ఉస్మానియా బిస్కెట్లు. మధ్యాహ్నం పది రూపాయల చిప్స్ ప్యాకెట్. మూడింటికి టీ. సాయంత్రం నాలుగు మిర్చి బజ్జీలు. రాత్రి అన్నం, మామిడికాయ తొక్కు.’ ఆగారు. కళ్లద్దాలు తీశారు. ‘రోజుకు 1660 కేలరీలు కావాల్సిన చోట వెయ్యి దాటితే గొప్ప. ఐరన్ 29 మిల్లీగ్రాములు కావాలి, పది కూడా లేదు. మనం ఇక్కడ గుడ్లు పంచుతుంటే ఇదే ఊళ్లో ఒక ఆడపిల్ల ఇలా ఎండిపోతోంది. ఎవరిల్లమ్మా ఇది?’

టీచరమ్మ లిస్టు చూసింది. తర్వాత గుమ్మం వైపు చూసింది. పసిపిల్లలకిచ్చే బాలామృతం పిండి ప్యాకెట్ కోసం పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ, పక్కన ఆమె కోడలు.

‘నా కోడలుకు నేను తిండి పెడ్తలేనా?’ అని ఆవిడ లేపిన గొంతుకు తింటున్న వాళ్లంతా చేతులాపారు. ‘పొద్దుగాల రెండు జొన్న రొట్టెలు, పుంటికూర పప్పు, మళ్ల చేనుకు సద్ది కట్టి పంపుతున్న. అడుగుండ్రి దాన్ని!’

అందరూ కోడలి వైపు తిరిగారు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవుననలేదు, కాదనలేదు. ఆ కళ్లలో వెలుగు నేను చూశాను, ఇన్నేళ్ల మొర విని దేవుడు ఇంగ్లీషు ఫారం రూపంలో దిగొచ్చాడన్నట్టు. ఇరుగుపొరుగు ‘పెట్టదంట’, ‘గట్లనే అనుకున్న’ అని మొదలుపెట్టారు. మేడమ్ అత్తగారికి కౌన్సెలింగ్ ఇస్తున్నారు, చార్టు కూడా తెరిచారు, మూడు రంగుల పళ్లెం బొమ్మ ఉన్నది. నేను ఆ చార్టు కొస పట్టుకుని నిలబడ్డాను, పట్టుకోమన్నారు మరి.

మూలన కూర్చున్న ఒక ముసలమ్మ అప్పుడు నోరు తెరిచింది. ‘అదంత సరే గని, మన ఊర్ల మిర్చి బజ్జీలు ఏడ దొరుకుతయే?’

నిజమే. రెండు కిరాణా కొట్లున్న ఊరు, బజ్జీల బండి లేదు. ఇంత చదివి, ఇన్ని టేబుళ్లు బట్టీపట్టి, ఆ ఒక్క సంగతి నాకెందుకు తట్టలేదో! అంగన్‌వాడీ ఆయమ్మ మెల్లగా నా వైపు తిరిగింది. ‘నల్లగొండల గడియారం కాడ రోజు బజ్జీలు తిని హాస్టలుకు పోత అని ఈ బిడ్డనే చెప్తది గద.’

చార్టు నా చేతిలోంచి జారింది.

మేడమ్ ఏమన్నారో ఇక్కడ రాయను. అత్తగారు మాత్రం తిట్టలేదు, అదే ఇంకా ఘోరం. చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయి పీట వేసింది, ‘తిను బిడ్డా, నీకు ఇంటికాడ ఎవ్వలు లేరా?’ అంటూ రొట్టె మీద రొట్టె వేసింది. వెనకాలే వచ్చిన ఊరు గుమ్మంలో నిలబడి నేను ఎన్ని తింటున్నానో లెక్కపెట్టింది. కోడలు మాత్రం నా వంక గుర్రుగా చూసింది.

30 ఫారాలూ మళ్లీ చేయాలట, సోమవారం నుంచి. మొదటి బస్సు ఆరున్నరకు. హాస్టల్లో టిఫిన్ ఏడున్నరకు పెడతారు.