ఉత్తుత్తి జేబు

మొన్న మా విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక కొట్లో చుడీదార్ కొన్నాను. రంగు చూసి కాదు, జేబు చూసి. పక్కన ఏటవాలుగా ఒక చీలిక, దానికి చక్కటి పట్టీ, రెండు వరసల కుట్టు, పైన ముచ్చటగా ఒక బొత్తాం. ఇంటికొచ్చి చెయ్యి పెడితే వేళ్లు దూరలేదు. కొత్త బట్ట కదా, టాకాలు వేసి ఉంటారులే అని బ్లేడుతో నెమ్మదిగా కుట్టు విప్పాను. లోపల ఏముంది? నా పొట్ట ఉంది.

అంటే ఎవరో కూర్చుని పట్టీ కత్తిరించి, బొత్తాం కుట్టి, పనంతా ఓపిగ్గా చేసి, సంచీ ఒక్కటి మానేశారు. ద్వారబంధం నిలబెట్టి, గడపకి పసుపు రాసి, మామిడి తోరణం కట్టి, వెనకాల ఇల్లు మాత్రం వద్దనుకున్నట్టు. దీనికి నేను డబ్బులిచ్చాను.

ఇప్పుడే ఎందుకింత మంట అంటారేమో. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి బస్సు ఉచితం, పథకం పేరు స్త్రీ శక్తి. పల్లెవెలుగు ఎక్కి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. బంగారంలాంటి పథకం. శక్తి ఇచ్చారు సరే, ఆ శక్తికి రుజువు ఎక్కడ పెట్టుకోవాలి?

హ్యాండ్‌బ్యాగు ఉంది కదా అనేవాళ్లు దయచేసి ఒకసారి మా రాజాం బస్సు ఎక్కండి. ఆర్టీసీ కాంప్లెక్సులోనే కిక్కిరిసిపోయింది. ఒక చేత్తో కమ్మీ, రెండో చేతిలో కూరల సంచీ, భుజాన ఉండాల్సిన బ్యాగు నాకూ పక్కావిడకీ మధ్య ఇరుక్కుని ఎవరిదో తెలియని స్థితిలో ఉంది. "బేగి తియ్యండమ్మా, ఆధార్" అంటున్నాడు కండక్టరు. పాపం, ఆయన తప్పేముంది. కమ్మీ వదిలి బ్యాగులో తడిమితే తలనొప్పి మాత్రలు, రబ్బరు బ్యాండ్లు, రెండు నెలల కిందటి కరెంటు బిల్లు, పైడితల్లమ్మ గుడిలో ఇచ్చిన కుంకుమ పొట్లం, అదీ విడిపోయి. చివరికి ఆధార్ దొరికింది, ఎర్రగా, అమ్మవారు పూనినట్టు. దాన్ని పళ్ల మధ్య పట్టుకుని సంచీ సర్దుకుంటుంటే, నా నోట్లోంచి కార్డు తీసుకోవచ్చా కూడదా అని కండక్టరు ధర్మసందేహంలో పడ్డాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. బ్యాగు అడుగున. ఎదురుగా ఒక ముసలావిడ రవికలోంచి చిన్న పర్సు లాగి, అందులోంచి నాలుగు మడతల కాగితం తీస్తుంటే, ఆయన మర్యాదగా కిటికీలోంచి పొలాలు చూశాడు. ఇంతలో నెల్లిమర్ల వచ్చేసింది, గోనెసంచులకి పేరుపడ్డ ఊరు. పక్కన నిలబడ్డ కుర్రాడికి చొక్కాకొకటి, ప్యాంటుకి నాలుగు, మోకాళ్ల దగ్గర ఇంకో రెండు, వెరసి 7 జేబులు. లెక్కపెట్టాను, నాకింకేం పని. ఏడింటికీ కలిపి ఒక దువ్వెన.

ఇది మన ఊరి జబ్బే కాదులెండి. 2018లో ద పుడ్డింగ్ అనే అమెరికా వెబ్‌సైటు వాళ్లు 20 బ్రాండ్ల జీన్సులు కొలిచి చూస్తే, ఆడవాళ్ల ముందు జేబులు మగవాళ్ల వాటికంటే సగటున 48 శాతం పొట్టిగా ఉన్నాయట. వాళ్లకి సగమైనా దక్కింది. మా నానమ్మకీ దక్కింది. రొంటిన సంచీ ఉండేది ఆవిడకి, తాడు లాగితే మూతి బిగుసుకునేది. ఆకూ వక్కా చిల్లరా బీరువా తాళమూ అన్నీ అందులోనే, అడక్కుండా ముట్టుకునే ధైర్యం తాతయ్యకి కూడా లేదు. చీర వదిలి చుడీదార్‌లోకి వచ్చాం, రొంటీ పోయింది, ముడేసుకునే కొంగూ పోయింది, బదులేమీ రాలేదు. ఇవతల పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి, జుట్టంత సన్నటి నూలు తీసే ఆడవాళ్లున్న ప్రాంతం మనది. ఇక్కడ జానెడు గుడ్డకి కరువు.

మా దర్జీని అడిగాను, నిజం జేబు పెట్టమని. "షేపు పోతాదమ్మా" అన్నాడు. ఆయన చొక్కా జేబులో సుద్ద, పెన్ను, చీటీలు, కళ్లజోడు కలిసి ఆయన షేపుని ఎప్పుడో తినేశాయి. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

ఎవరికి కావాలయ్యా ఆ షేపు? మా మేనకోడలు ఎనిమిదో తరగతి. దాని యూనిఫాంకి జేబు లేదు. నెలసరి రోజుల్లో ప్యాడ్‌ని సోషల్ పుస్తకంలో పెట్టుకుని, పుస్తకాన్ని గుండెకి అదుముకుని, క్లాసు మధ్యలోంచి లేచి వెళ్తుంది. బాత్రూముకి సోషల్ పుస్తకం ఎందుకే అని వెనక బెంచీ నుంచి నవ్వులు. ఆ నవ్వే వెధవల ప్యాంట్లకి రెండేసి జేబులు, వాటినిండా గోళీలు. పదమూడేళ్ల పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంటే దాని నడుం దగ్గర గుడ్డ సాఫీగా ఉండాలని ఎవడు నిర్ణయించాడు? వాడి జేబులన్నీ కుట్టేసి నెల్లాళ్లు బతకమనాలి.

నిన్న దర్జీ నా చుడీదార్ ఇచ్చాడు. జేబు పెట్టాడు, అబద్ధం ఆడకూడదు. చెయ్యి పెడితే రెండో కణుపు దగ్గర ఆగిపోయింది. ఇదేంటి బాబూ అంటే, "ఆధార్ కార్డు సరిపోతాదమ్మా, కొలిసే పెట్టినాను. ఆడోలికి ఇంకేటి కావాల?" అన్నాడు.

రేపు మళ్లీ వెళ్తున్నాను, మేనకోడలి యూనిఫాం కూడా తీసుకుని. దాని జామెట్రీ బాక్సులోంచి స్కేలు ఇప్పుడే బయట పెట్టుకున్నాను.