మెట్రో పక్కన ఇల్లు సరే, నీళ్ల సంగతి?

హైదరాబాద్‌కి కొత్తగా వచ్చేవాళ్లు మెట్రో పక్కన అద్దె ఇల్లు చూసుకుంటే చాలని కొందరంటారు గానీ, ఆ మాట సగమే నిజమండి. మెట్రో బ్లూ లైన్ రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది. ఆఫీసు ఇంకా ముందున్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అయితే అక్కణ్ణుంచి మళ్లీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. ఇల్లు మియాపూర్‌లో అయితే అది రెడ్ లైన్, అమీర్‌పేట దాకా వెళ్లి బ్లూ లైన్‌కి మారాలి. అంతకంటే కొండాపూర్ మీదుగా రోడ్డున పోవడమే నయం. ఆ ట్రాఫిక్ ఎంతో సోమవారం పొద్దున తొమ్మిదింటికి వెళ్లి చూడండి, ఆదివారం చూస్తే ఏమీ తెలియదు.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. మంజీరా కనెక్షన్ (జలమండలి నల్లా) ఉందా, బోరు మీదే నడుస్తోందా అని ఓనర్ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు ఎన్ని వస్తాయో, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే ఉందో, విడిగా పంచుతారో అతనికి బాగా తెలుస్తుంది. బాత్రూమ్ కుళాయి మూతికి తెల్లటి పొర గట్టిగా పట్టి ఉంటే అవి ఉప్పునీళ్లే, గీజర్ కాయిల్ త్వరగా పోతుంది.

చెరువు దిగువ కాలనీ అయితే 2020 అక్టోబరు వానలకి సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయేమో పక్కింటివాళ్లని కనుక్కోండి. కరెంటు బిల్లు మీది సర్వీస్ నంబర్‌తో పాత బకాయి చూసుకోండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి అడ్వాన్స్‌లోంచి ఎంత పట్టుకుంటారో అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి.