కదిలించకపోతే ఏమీ కాదట: క్వార్టర్స్‌లో ఆస్బెస్టాస్‌పై ఒక వాదోపవాదం

ప్రభుత్వ ఉద్యోగులకిచ్చే పాత క్వార్టర్స్‌లో ఆస్బెస్టాస్ ఉండటం కొత్త సంగతి కాదు. పైకప్పు రేకులు, సీలింగ్ బోర్డులు, వేడినీటి గొట్టాల చుట్టూ వేసిన పూత, నేల టైల్స్, వాటి కింది జిగురు... చాలా దేశాల్లో నిషేధాలు రాకముందు కట్టిన ఇంట్లో ఎక్కడైనా ఉండొచ్చు. ఉంటున్నవాళ్లు అడిగితే నిర్వహణ విభాగం చెప్పే జవాబు మాత్రం ఒకటే: "కదిలించకండి, ఏమీ కాదు." ఆ జవాబు చెప్పే ఇంజనీరునూ, అలాంటి ఇంట్లో కాపురముంటున్న ఉద్యోగినినీ ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. నేను ఆమె పక్షం. అయినా ఇంజనీరు మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి. వాటిని మింగెయ్యలేదు.

ఉద్యోగిని: ఇంజనీరు గారూ, క్వార్టర్స్‌లో ఆస్బెస్టాస్ తీసెయ్యమని మా సంఘం పెట్టిన అర్జీకి మీరిచ్చిన జవాబు రెండే వాక్యాలు. ఆస్బెస్టాస్ ఉన్న భాగాలు మంచి స్థితిలో ఉన్నాయి, కదిలించనంత కాలం ప్రమాదం లేదు అని. ఏ భాగాలో రాయలేదు. ఏ ఇళ్లలోనో రాయలేదు.

ఇంజనీరు: రాసినదాంట్లో తప్పుంటే చెప్పండి మేడమ్. గోడలోంచి ఆవిరిలా పైకొచ్చే పదార్థం కాదది. పోగులు గాల్లోకి లేవాలి, వాటిని పీల్చాలి, హాని అప్పుడే. సిమెంటు రేకులో ఆస్బెస్టాస్ నూటికి పది పదిహేను పాళ్లే, మిగతాదంతా సిమెంటు. పోగుల్ని అది గట్టిగా పట్టి ఉంచుతుంది. ఇది నేను కల్పించిన మాట కాదు. బ్రిటన్‌లో ఆరోగ్య భద్రతా సంస్థ కూడా బాగున్నదాన్ని అలాగే ఉంచి కనిపెట్టుకుని ఉండమనే చెబుతుంది.

ఉద్యోగిని: "అలాగే ఉంచి" అన్నది మీకు గుర్తుంది. "కనిపెట్టుకుని" అన్నదాని సంగతేమిటి? కనిపెట్టుకోవాలంటే ఎక్కడుందో ముందు రాసుకోవాలి. అప్పుడప్పుడూ వెళ్లి చూడాలి. అక్కడ పనిచేయబోయే ప్రతి మనిషికీ ఆ రాత చూపించాలి. మూడిట్లో ఏది జరుగుతోంది?

ఇంజనీరు: ఆఫీసు భవనాలకు రిజిస్టరు ఉంది.

ఉద్యోగిని: ఆఫీసుకు ఉంది, ఇంటికి లేదు! బ్రిటన్‌లోనూ ఇదే కంత. అక్కడి 2012 నిబంధనల ప్రకారం ఆస్బెస్టాస్‌ను నిర్వహించే బాధ్యత కార్యాలయాలకూ, ఫ్లాట్ల ఉమ్మడి మెట్లూ నడవాలకూ ఉంది. ఇంటి లోపలి గదులకు వర్తించదు. నేను ఎనిమిది గంటలు కూర్చునే చోట సీలింగ్ గురించి నాకు చెప్పాలి, నా పిల్లలు పడుకునే గది సీలింగ్ గురించి చెప్పనక్కర్లేదు. రెండింటికీ యజమాని ఒకరే అయినప్పుడు ఈ తేడాకు అర్థమేమిటి?

ఇంజనీరు: తేడాకు కారణముంది. ఆఫీసులో గోడకు ఎవరు రంధ్రం వేయాలన్నా నా అనుమతి కావాలి. ఇళ్లలో అలా ఉందా? మొన్న ఒక క్వార్టర్‌కు వెళ్తే వెనక వరండా మూసేసి గది చేసుకున్నారు. ఏసీ కోసం సీలింగ్ బోర్డు కోసేశారు. అడిగితే అందరూ చేసుకుంటున్నారుగా అన్నారు. పోగుల్ని లేపింది నేనా, వాళ్లా? అనుమతి లేని మార్పులకు మీ సంఘం ఒక్కసారైనా సభ్యుల్ని మందలించిందా?

ఉద్యోగిని: రెండు గదుల ఇంట్లో ఆరుగురుంటే వరండా మూసుకోరా? కొత్త క్వార్టర్స్ అడిగి ఎన్నాళ్లయింది?

ఇంజనీరు: అది వేరే ఫైలు.

ఉద్యోగిని: వేరే ఫైలంటారు గానీ అదీ మీ బల్ల మీదే ఉంది.

ఇంజనీరు: నా బల్ల మీదుంటే సంతకం నాదని కాదు. అసలు పగిలిన రేకు ఫొటో అన్ని గ్రూపుల్లో తిప్పి, "మనందరికీ క్యాన్సర్" అని రాసింది ఎవరు? ఆ రోజు ఒక పెద్దాయన దగ్గొస్తోందని భయపడి నాకు ఫోన్ చేశారు. ఆయనకు ఉన్నది జలుబు. భయం పుట్టించడం కూడా హానే మేడమ్.

(ఇక్కడ మాట దారి తప్పింది. ఫొటో ఎవరు పంపారు, వరండా ఎవరు మూశారు, ఎవరి ఫైలు ఎక్కడ ఆగింది అని చాలాసేపు నడిచింది. అదంతా రాయడం లేదు. ఫొటోతో పాటు ఆ రాత పెట్టడం తప్పేనని ఆమె ఒప్పుకుంది. అడిగినప్పుడు సరైన జవాబు దొరికి ఉంటే ఫొటో అవసరం పడేది కాదని నేనంటాను.)

ఉద్యోగిని: సరే, రేకుల దగ్గరికే వద్దాం. కదిలించకూడదు అంటారు. కదిలించేది ఎవరు? ఫ్యాను హుక్కు బిగించేవాడు, కేబుల్ లాగేవాడు, రేకు మీద నాచు పట్టిందని వైరు బ్రష్‌తో గీకేవాడు, రాలిన పొడిని పొడి చీపురుతో ఊడ్చే ఇల్లాలు. తడిపి తుడవాలని ఆమెకెవరు చెప్పారు? మామూలు వాక్యూమ్ క్లీనర్ పెడితే పోగులు అందులో ఆగవని, వెనక నుంచి మళ్లీ గదిలోకే వస్తాయని ఎవరు చెప్పారు? బదిలీ మీద ఒకరు వెళ్తారు, ఇంకొకరు వస్తారు. ప్రతి కుటుంబం ఆ గోడకు తన మేకు తాను కొట్టుకుంటుంది. ఇల్లు అప్పగించేటప్పుడు ఫ్యాన్లెన్ని, ట్యూబ్‌లైట్లెన్ని, కుళాయిలెన్ని అని లెక్కపెట్టి మా సంతకం తీసుకుంటారు. కుళాయి పోతే జీతంలో కోసుకుంటారు. ఆస్బెస్టాస్ ఎక్కడుందో ఆ కాగితంలో ఒక గీత కూడా ఉండదు. ఏమీ కదిలించొద్దు అని నాకు చెప్పి, ఏది కదిలించకూడదో చెప్పకపోతే, మీ జాగ్రత్త నా నెత్తిన పెట్టినట్టే గానీ నన్ను కాపాడినట్టు కాదు.

ఇంజనీరు: ఆ కాగితం మాట బాగుంది. కానీ మీ అర్జీలో అడిగింది కాగితం కాదు. మొత్తం తీసెయ్యమన్నారు, అన్ని క్వార్టర్స్‌లో, వెంటనే. దానికి నేను ఒప్పుకోను, ఎందుకో వినండి. ఆస్ట్రేలియా రాజధాని క్యాన్‌బెర్రా ప్రభుత్వ ఉద్యోగుల ఊరు. అక్కడ 1968 నుంచి 1979 దాకా ఒక కాంట్రాక్టరు ఇళ్ల అటకల్లోకి వేడి ఆపడానికని పొడి ఆస్బెస్టాస్‌ను గొట్టంతో ఊదించాడు. వెయ్యికి పైగా ఇళ్లు. 1988 నుంచి 1993 వరకు ప్రభుత్వమే డబ్బు పెట్టి దాన్ని తీయించింది. శుభ్రమైందని ఇంటింటికీ పత్రాలిచ్చారు. ఏమైంది? గోడల సందుల్లోకి జారిన పోగులు అక్కడే ఉండిపోయాయి. 2014 నుంచి ఆ ఇళ్లను ప్రభుత్వమే కొని కూల్చాల్సొచ్చింది. అంటే తీయించడమే పరిష్కారం కాదు. తీసే పని చెడితే ఉంచినదానికంటే చెడు.

ఇంకొకటి. తీసేది ఎవరు? కాంట్రాక్టు కూలీ. రేకును సుత్తితో పగలగొట్టి కిందికి దించుతాడు, మూతికి రుమాలు కట్టుకుంటాడు. మీరు ఆ కప్పు కింద ఇన్నేళ్లలో పీల్చనన్ని పోగులు అతను రెండు రోజుల్లో పీలుస్తాడు. మీ అర్జీ నాలుగు పేజీలు. అందులో అతని మాట ఒక్కటీ లేదు. తడిపి, పగలకుండా దించి, రెండు సంచుల్లో కట్టి, దానికని ఉన్న చోట పూడ్చేవాళ్లను తేవాలంటే నా దగ్గర ఉన్న డబ్బుకు ఏడాదికి కొన్ని ఇళ్లే అవుతాయి. అదే డబ్బుతో అన్ని ఇళ్లలో కాలిపోతున్న పాత వైరింగ్ మార్చొచ్చు. ఆస్బెస్టాస్ జబ్బు ముప్పై ఏళ్లకు రావచ్చు, రాకపోవచ్చు. షార్ట్ సర్క్యూట్ ఈ రాత్రే చంపుతుంది. నా స్థానంలో ఉంటే మీరు దేన్ని ముందు పెడతారు?

ఉద్యోగిని: వైరింగే ముందు పెడతాను. కూలీ మాట రాయకపోవడం మా లోపమే, అతనికి చోటు లేని అర్జీ సగం అర్జీ. అందుకే అడుగుతున్నాను, ఆ వైరింగ్ మార్చేవాడు సీలింగ్ బోర్డుకు డ్రిల్లు పెట్టినప్పుడు అది ఏ బోర్డో అతనికి ఎవరు చెబుతారు? మీరు చెప్పిన క్యాన్‌బెర్రానే తీసుకోండి. 1968లోనే ప్రభుత్వ నిపుణుడొకరు ఆ పని ఆపమని రాశారు. రాసింది ఫైల్లోనే ఉండిపోయింది. శుభ్రమైందన్న పత్రం వచ్చాక ఇక అడిగేవాళ్లు లేరు. ఆ ఇళ్లలో వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు తెలియకుండానే పనిచేశారు. అక్కడ కూలిన ఇళ్లలో మీకు తీసినవాళ్ల తప్పు కనబడుతోంది, నాకు దాచినవాళ్ల తప్పూ కనబడుతోంది.

ఇంజనీరు: అది పొడి ఆస్బెస్టాస్, గోధుమరంగు రకం. మన దగ్గరున్నవి సిమెంటు రేకులు, తెల్ల రకం. భారత్‌తో సహా కొన్ని దేశాల్లో ఇప్పటికీ చట్టబద్ధంగా తయారవుతున్నాయి. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ఉద్యోగిని: పోగులు లేచే తీరు ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ తెల్లదైనా గోధుమరంగుదైనా క్యాన్సర్ కలిగిస్తుందనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. అన్ని రకాలూ మొదటి వర్గంలోనే ఉన్నాయి. పైగా సీలింగ్ బోర్డు సిమెంటు రేకు కాకపోవచ్చు. వేడిని ఆపే ఇన్సులేషన్ బోర్డయితే మెత్తన, కోస్తే సులువుగా పొడి లేస్తుంది, అందులో సాధారణంగా ఉండేది ఆ గోధుమరంగు రకమే. చూసి చెప్పలేం, ముక్క తీసి ప్రయోగశాలలో మైక్రోస్కోపు కింద పెట్టాలి. మన సీలింగుల్లో ఒక్క ముక్కనైనా పరీక్షకు పంపారా?

ఇంజనీరు: లేదు.

ఉద్యోగిని: మరి "మన దగ్గరున్నవి సిమెంటు రేకులు" అని ఎలా అన్నారు?

ఇంజనీరు: కట్టినప్పటి అంచనా కాగితాల్లో అలా ఉంది.

ఉద్యోగిని: తర్వాత మార్చిన బోర్డులు ఆ కాగితాల్లో ఉండవు కదా. ఇంకో మాట, దీన్ని కొంచెం ఓపిగ్గా వినండి. ఈ జబ్బు పనివాళ్లకే వస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1960లో దక్షిణాఫ్రికా ఆస్బెస్టాస్ గనుల ప్రాంతం నుంచి మీసోథీలియోమా, అంటే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్, కేసులు 33 బయటికొచ్చాయి. వాళ్లలో చాలామంది గనిలో దిగినవాళ్లు కాదు, చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లు. 1965లో లండన్‌లో చూస్తే, భర్త పని బట్టలు ఉతికిన ఆడవాళ్లకూ వచ్చింది. పీల్చిన నాటి నుంచి బయటపడేసరికి ఇరవై నుంచి యాభై ఏళ్లు. భారత సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో ఏమంది? ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు దాచాలంది. క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లకు ఏ రికార్డుంది? యాభయ్యో ఏట ఊపిరాడక ఆస్పత్రికి వెళ్తే, "ఎప్పుడైనా ఆస్బెస్టాస్ దగ్గర ఉన్నారా" అని డాక్టరు అడుగుతాడు. ఆమె లేదంటుంది. అబద్ధం కాదు, ఆమెకు తెలియదు. బయట అద్దె ఇల్లయితే అనుమానం రాగానే ఖాళీ చేస్తాం. ఇక్కడ ఇల్లిచ్చింది పై అధికారి, ఫిర్యాదు చేయాల్సింది కూడా ఆయనకే. గట్టిగా అడిగితే బదిలీ ఎక్కడికో అని ఎంతమంది నోరు మూసుకుంటున్నారో మీకూ తెలుసు.

ఇంజనీరు: బదిలీల సంగతి నా చేతిలో లేదు.

ఉద్యోగిని: కాగితం మీ చేతిలో ఉంది.

ఇంజనీరు: కాగితం ఇస్తే రేపు ప్రతివాళ్లూ ఇల్లు మార్చమని వస్తారు. మార్చడానికి ఇళ్లేవి? ఏ ఊరి గాల్లోనైనా కొన్ని పోగులుంటాయి. ఇది చదివినవాళ్లకు ఎంత భయపడాలో నేనెలా చెప్పను?

ఉద్యోగిని: ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వంటింటి పైకప్పు సిమెంటు రేకు, పగుళ్లు లేవు, రంధ్రాలు వేయొద్దు, పగిలితే ఈ నంబరుకు చెప్పండి, పొడి రాలితే తడిగుడ్డతో తీసి ఆ గుడ్డను సంచిలో కట్టండి. ఇంత స్పష్టంగా రాస్తే భయం తగ్గుతుందే తప్ప పెరగదు.

ఇంజనీరు: ప్రతి ఇంటికీ సర్వే చేయించాలంటే మళ్లీ డబ్బే.

ఉద్యోగిని: సర్వే అయ్యేదాకా ఉందనే అనుకోండి. బ్రిటన్‌లో 2000 సంవత్సరానికి ముందు కట్టినదైతే అలా అనుకునే పని మొదలుపెడతారు. అనుకోవడానికి టెండరు అక్కర్లేదు.

ఇంజనీరు: ఖాళీ అయిన క్వార్టర్‌ను కొత్తవాళ్లకు అప్పగించేటప్పుడు ఆ జాబితాలో ఒక పేరా చేర్చగలను. దానికి పై అనుమతి అక్కర్లేదు. పగిలినవి, మెత్తటి బోర్డులు దొరికితే వాటిని తీయించే పని ముందు పెడతాను. తీసేవాళ్లకు లైసెన్సు ఉంటేనే.

ఉద్యోగిని: ఇప్పుడు ఉంటున్నవాళ్లకు?

ఇంజనీరు: వాళ్లకు నోటీసు ఇవ్వాలంటే సంతకం పైనుంచి రావాలి. డ్రాఫ్టు మీరు రాసివ్వండి, నా సిఫార్సుతో పంపుతాను.

ఉద్యోగిని: రేపు ఇస్తాను. కూలీల పేరా మొదట్లోనే ఉంటుంది. సిఫార్సు పంపిన తేదీ మాకు రాతపూర్వకంగా ఇవ్వండి.