ఇకపై వేధించబోనని వంద రూపాయల పత్రం

గత మంగళవారం ఉదయం పాలపాకెట్టు పట్టుకుని ఇంటికి వచ్చేసరికి మా అరుగు మీద ముగ్గురు నా కోసం ఎదురుచూస్తున్నారు. ఒకరు కవిటి వైపు నుంచి తొలి బస్సులో వచ్చిన కుర్రవాడు, రెండవవారు అతని చిన్నాన్న, మూడవది వారిద్దరి నడుమ మడత పడకుండా భక్తితో పరచిన ఒక వంద రూపాయల స్టాంపు పేపరు. శ్రీకాకుళంలో ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన పాపానికి ఇలాంటి కాగితాలు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి గనుక, కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. అందులోని ఇంగ్లీషుకు తాత్పర్యం ఇది: కొబ్బరి రైతునైన నేను మా అన్నగారి కుమారుణ్ణి రాజకీయ కారణాలచేత ఇకపై వేధించబోననీ, అతని ప్రాణానికి హాని తలపెట్టబోననీ, అతడు గ్రామంలో నిర్భయంగా సంచరించుటకు నాకెట్టి అభ్యంతరమూ లేదనీ ప్రమాణపూర్వకముగా తెలియజేయడమైనది.

నేను ఇది చదువుతున్న సమయంలో సదరు హంతకుడు, దారిలో కట్టించుకొచ్చిన ఇడ్లీ పొట్లం విప్పి, బాధితుడి వైపు జరిపి, "సల్లారిపోతాది, తినీరా" అంటున్నాడు.

విషయం పూర్తిగా తెలియని పాఠకుల కోసం పూర్వకథను క్లుప్తంగా చెబుతాను. ఈ కుర్రవాడు 2021లో ఎం.ఎస్సీ. చదవడానికి ఇంగ్లాండు వెళ్లాడు. చదువు పూర్తయ్యాక అక్కడి నిబంధనల ప్రకారం ఉద్యోగం వెతుక్కోవడానికి రెండేళ్లు దొరికాయి. ఆ రెండేళ్లు పూర్తి కావస్తున్న 2024 ఏప్రిల్‌లో, నైపుణ్య ఉద్యోగుల వీసాకు ఉండవలసిన కనీస జీతాన్ని అక్కడి ప్రభుత్వం సంవత్సరానికి 26,200 పౌండ్ల నుంచి ఒక్కసారిగా 38,700 పౌండ్లకు పెంచింది. మనవాడు పనిచేసే గిడ్డంగిలో మేనేజరుకైనా అంత జీతం ఉందో లేదో అనుమానమే. ఆ సంకట సమయంలో, ఇక్కడి నుంచి అతన్ని పంపిన కన్సల్టెన్సీవారు వాట్సాప్‌లో ఒక దివ్యౌషధం సూచించారు: అసైలం, అంటే సొంత ఊళ్లో ప్రాణభయం ఉంది గనుక శరణు ఇమ్మని ఆ ప్రభుత్వాన్ని కోరే దరఖాస్తు, వేసెయ్యమన్నారు. వేశాడు. కొన్ని నెలల తరువాత దానిని వెనక్కి తీసుకుని ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు మళ్లీ చదువుకు వెళ్లాలట. అందుకు విద్యార్థి వీసా కావాలి. అందుకు ఈ పత్రం కావాలి.

నేను కన్సల్టెన్సీకి ఫోన్ చేశాను. అవతల కౌన్సిలర్‌గారు, వయసు ఇరవై మూడు దాటి ఉండదు, అపారమైన ఓర్పుతో నాకు ధైర్యం చెప్పారు. "విత్‌డ్రా చేసేశాం కదా సార్. విత్‌డ్రా అంటే లేనట్టే."

ఆ వాక్యం విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. మా జిల్లాలో విత్‌డ్రా అనే మాట తెలియనివారు లేరు. బ్యాంకులో డబ్బు విత్‌డ్రా చేస్తే ఆ పద్దు పాసుబుక్కులో చెరిగిపోవడం మాట అటుంచి, సరిగ్గా ఆ మాటే తేదీతో సహా అచ్చుపడుతుంది. పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్ వేసి, గడువు ముగిసే మధ్యాహ్నం దానిని ఉపసంహరించుకున్న పెద్దమనిషిని, ఎంత తీసుకుని ఉపసంహరించుకున్నాడో లెక్కతో సహా, ఊరు ఇరవై ఏళ్లయినా మరచిపోదు. తాంబూలాలు పుచ్చుకున్న సంబంధాన్ని మగపెళ్లివారు విత్‌డ్రా చేసుకుంటే అది లేనట్టే అని ఏ ఆడపిల్ల తల్లితోనైనా ఒకసారి అని చూడమని కౌన్సిలర్‌గారికి నా సవినయ మనవి.

వారి శాస్త్రంలో కొంత సత్యం లేకపోలేదని నిజాయితీగా ఒప్పుకోవాలి. బ్రిటిష్ వీసా ఫారం అడిగేది ఏ దేశమైనా మీకు ఎప్పుడైనా వీసా తిరస్కరించిందా, శరణు తిరస్కరించిందా, వెళ్లిపొమ్మన్నదా అని. తనంతట తాను వెనక్కి తీసుకున్నది తిరస్కరణ కాదు. వెనక్కి తీసుకున్నవాడికి ఇక జన్మలో వీసా ఇవ్వరాదని నియమమూ లేదు. అంతవరకు కౌన్సిలర్‌గారికి వందకు వంద మార్కులు. కానీ అదే ఫారం, గత 10 ఏళ్లలో మా దేశంలో ఉండిపోవడానికి దరఖాస్తు పెట్టుకున్నారా అని కూడా అడుగుతుంది. అక్కడ కూడా 'లేదు' అని నొక్కమనడం ఏ శాస్త్రమో నాకు బోధపడలేదు. శరణు అడిగిన రోజున అక్కడివారు ఫోటో తీసుకున్నారు, పది వేళ్ల ముద్రలూ తీసుకున్నారు. ఇప్పుడు వీసాకు వెళితే మళ్లీ అవే పది వేళ్లు పెట్టమంటారు. కాగితాన్ని విత్‌డ్రా చేయవచ్చు గానీ, వేళ్లను విత్‌డ్రా చేసే కౌంటరు ఇంకా ఎక్కడా తెరిచినట్లు లేదు. పోనీ ఇంగ్లాండు కాదు, కెనడాయో ఆస్ట్రేలియాయో పంపిద్దామంటారా, ఆ రెండు దేశాలు, ఇంగ్లాండు, అమెరికా, న్యూజిలాండు కలిసి అయిదూ ఒకరి దగ్గరున్న వలస వివరాలను మరొకరితో సరిచూసుకునే ఏర్పాటు ఎప్పుడో చేసుకున్నాయి. ఇక దరఖాస్తులో మోసం చేశాడని తేలితే 10 ఏళ్లపాటు ఇంగ్లాండు ముఖం చూడనక్కరలేదు.

లేనట్టే అయిన దానికి మరి ఈ స్టాంపు పేపరు ఎందుకు నాయనా అని అడిగాను. "సేఫ్టీకి సార్" అన్నారు.

అంటే, ఆ కార్యాలయంలో ఒకే గదిలో రెండు బల్లలున్నాయి. మొదటి బల్ల దగ్గర, ఈ కుర్రవాడు శరణు అనే మాటే ఎరుగడని ఫారం నింపుతున్నారు. రెండవ బల్ల దగ్గర, శరణు కోరడానికి కారణమైన ప్రాణభయం ఇప్పుడు తీరిపోయిందని రుజువులు తయారుచేస్తున్నారు. రెండు బల్లల నడుమ దూరం నాలుగు అడుగులు, దానికి జీఎస్టీ అదనం.

ప్రాణభయం మొదట ఎలా పుట్టిందో కూడా కుర్రవాడు తల దించుకుని చెప్పాడు. వాట్సాప్ కాల్‌లో అవతలి నిపుణుడు, ఊళ్లో నీకు ఎవరితోనైనా గొడవలున్నాయా అని అడిగాడట. లేవన్నాడట. బాగా ఆలోచించమన్నాడట. చాలాసేపు ఆలోచించిన మీదట, చిన్నప్పుడెప్పుడో నాన్నకూ చిన్నాన్నకూ తోట గట్టు దగ్గర మాటామాటా వచ్చి రెండు నెలలు పలకరింపులు లేవని గుర్తుకొచ్చిందట. నిపుణుడికి అది చాలు. చిన్నాన్న ఏ పార్టీకి ఓటు వేస్తాడని అడిగి, గట్టును కాస్తా నియోజకవర్గం చేశాడు. శరణార్థుల హక్కులపై 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం భయానికి అయిదు కారణాలనే గుర్తిస్తుంది: జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గానికి చెందడం, రాజకీయాభిప్రాయం. ఆ అయిదింటిలో చిన్నాన్నకు రాజకీయాభిప్రాయం కేటాయించారు. అరుగు మీద కూర్చుని ఇదంతా మొదటిసారి విన్న ఆ పెద్దమనిషి, ఇడ్లీ పొట్లం మడిచి పక్కన పెట్టి, మెల్లగా అడిగాడు.

"నానెప్పుడు ఏధించానురా, ఇకమీద మానీడానికి?"

"ఏధించలేదు సిన్నాన్నా. మానేసినట్టు రాయాలంతే."

"మరి ముందు ఏధించినట్టే గదేటి?"

నోటరీ చట్టం చదివిన ఏ ప్లీడరుకైనా ఈ ప్రశ్నకు సమాధానం తోచదని నా నమ్మకం. కానీ కన్సల్టెన్సీకి తోచింది. పత్రంతోపాటు ఫోటోలు కూడా కావాలన్నారు: చిన్నాన్న, అన్నకొడుకు ఒకే కంచంలో తింటున్నట్లు ఒకటి, తోటలో భుజం మీద చేయి వేసుకుని నిలబడినట్లు ఒకటి. రాజీ కుదిరింది ఇటీవలే అని తెలియాలి గనుక చొక్కాలు కొత్తవై ఉండాలట, నవ్వు మాత్రం కొద్దిగా బెరుకుగా ఉండాలట. ఫోటో తీసినవాడికి చిన్నాన్న చేత బెరుగ్గా నవ్వించడానికి అరగంట పట్టిందని విన్నాను. ఆయనకు నవ్వితే నోరంతా తెరవడమే అలవాటు. చివరకు లోను కాగితాలు గుర్తుచేస్తే సరిపోయిందట.

ఆ లోను కాగితాల సంగతి ఇంగ్లీషు పత్రంలో లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఉద్దానం మీదుగా వెళ్లినప్పుడు ఈ చిన్నాన్న తోట నేలమట్టమైంది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్లు తక్కువ పట్టదు. మళ్లీ నాటి, నీళ్లు మోసి పెంచిన ఆ తోటను, మొదటి గెల దిగకముందే, అన్నకొడుకు చదువు కోసం బ్యాంకులో తనఖా పెట్టినవాడు ఇతడు. ఆ సొమ్ముతో కొన్న టిక్కెట్టు మీద విమానం ఎక్కినవాడి ఫైలులో, ప్రాణాలు తీయడానికి పొంచి ఉన్న శత్రువుగా నమోదైనవాడూ ఇతడే.

శరణు అనేది మా వైపు వినని మాట కాదు. 1942లో జపాను బాంబులకు రంగూను విడిచి, అడవులు దాటి కాలినడకన వచ్చినవాళ్ల మనుమలు మా జిల్లాలో ఉన్నారు. వాళ్లను కాందిశీకులన్నారు. బర్మా నుంచి వచ్చినవాళ్ల గుర్తుగా విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ నిలిచింది. పొట్టకూటికి గుజరాత్ తీరంలో వేటకు వెళ్లి, 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి వచ్చిన మత్స్యకారులు మా జిల్లావాళ్లు, పక్కనున్న విజయనగరం వాళ్లు. భయం అంటే ఏమిటో ఆ ఇళ్లకు వెళ్లి అడగవలసింది. నిజంగా చంపుతారని పారిపోయి వచ్చి, ఏ దేశపు గదిలోనో అధికారి ఎదుట కూర్చుని, తన నోటితో తన కథ చెప్పలేక వణికే మనిషి మాటను, ఇలాంటి అచ్చు కథలు వంద చదివి విసిగిన ఆ అధికారి ఎందుకు నమ్మాలి? ఈ కన్సల్టెన్సీలు అమ్ముతున్నది ఆ మనిషి మాటకున్న విలువను. తమది కాని సొత్తును అమ్మేవాణ్ణి మామూలు తెలుగులో దొంగ అంటారు.

అసైలం వేస్తే వెంటనే పని చేసుకోవచ్చని కూడా ఆ నిపుణుడే చెప్పాడట. అబద్ధం. అప్పట్లో దరఖాస్తు 12 నెలలు తేలకుండా ఉంటే తప్ప పనికి అనుమతి అడగడానికే వీలులేదు, ఇచ్చినా అక్కడి ప్రభుత్వపు జాబితాలో ఉన్న పనులకే. పైగా పాస్‌పోర్టు అక్కడి హోం శాఖ దగ్గర ఉండిపోతుంది. అలా పనీ పాస్‌పోర్టూ లేకుండా ఉన్న రోజుల్లో అతని తల్లికి కిడ్నీలు పాడయ్యాయని ఫోన్ వచ్చింది. ఉద్దానంలో ఈ జబ్బు లేని వీధి వెతకాలి. వారానికి రెండుసార్లు డయాలసిస్. దరఖాస్తు వెనక్కి తీసుకుంటే గానీ పాస్‌పోర్టు రాదు, పాస్‌పోర్టు వస్తే గానీ తల్లిని చూడలేడు. తీసుకున్నాడు, వచ్చాడు. ఈ మొత్తం ఫైలులో నిజం అనదగినది ఇదొక్కటే. ఆసుపత్రి చీటీలున్నాయి, తేదీలున్నాయి, సరిపోలుతున్నాయి. వివరణ లేఖలో ఇది ఎందుకు లేదని మళ్లీ ఫోన్ చేసి అడిగాను.

"అది స్ట్రాంగ్‌గా ఉండదు సార్."

తల్లి జబ్బు బలంగా ఉండదు. పెంచినవాణ్ణి హంతకుణ్ణి చేసి, ఆ హంతకుడి చేత మారిపోయానని రాయించుకుంటే బలంగా ఉంటుంది! ఇంతా చేసి, ఆ ఫారం చివర నేను చెప్పినవన్నీ నిజమని సంతకం పెట్టేది ఎవరు? కుర్రవాడు. స్టాంపు పేపరు మీద పెట్టేది ఎవరు? చిన్నాన్న. పట్టుబడితే పదేళ్లు ఎవరికి? తోట ఎవరిది? రెండు బల్లల వాళ్ల పేరు ఒక్క కాగితం మీద వెతికి చూపించండి, నా పెన్షను రాసిస్తాను. విదేశాల్లో కూలికి మనుషుల్ని పంపే ఏజెంటుకైనా 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. చదువు పేరుతో పంపే వీరికి ఆ బాధ లేదు. ఏసీ గది, గోడకు లండన్ గడియారపు స్తంభం బొమ్మ ఉంటే చాలు.

వీసా రుసుము 2025లో 524 పౌండ్లు ఉండేది, తిరస్కరిస్తే తిరిగి రాదు. ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము మాత్రం తిరిగి ఇస్తారు. ఇంటర్వ్యూలో అడగబోయేది కూడా దాచిన రహస్యమేమీ కాదు: ఇంటికి వెళితే చంపేస్తారని నిరుడు చెప్పావు, చదువు కాగానే ఇంటికి వెళ్లిపోతానని ఇప్పుడు చెబుతున్నావు, రెండిట్లో ఏది నమ్మమంటావు? దీనికి చొక్కా కొత్తదైతే సమాధానం దొరకదు. అసలు ఆ పాత ఫైలులో ఏమి రాసి ఉందో కన్సల్టెన్సీలో ఎవరూ చూడలేదు, కుర్రవాడి దగ్గరా నకలు లేదు. తన గురించి హోం శాఖ దగ్గరున్న కాగితాల నకలు కావాలని ఎవరైనా అడగవచ్చు, దానికి రుసుము లేదు. బహుశా రుసుము లేకపోవడం వల్లనే ఆ సంగతి కన్సల్టెన్సీవారి దృష్టికి రాలేదు. వీసా గడువు దాటి అక్కడ ఎన్ని రోజులున్నాడో కూడా ఎవరూ లెక్క కట్టలేదు. 30 రోజులు దాటి ఉంటే, సొంత ఖర్చుతో వచ్చినా, 12 నెలలు ఆగక తప్పదు.

ఆ ఉదయం నేను చేసింది చిన్న పని. ఒక తెల్లకాగితం మీద పదకొండు వాక్యాలు రాయించాను, కుర్రవాడి చేతనే. ఎవరి సలహా మీద శరణు అడిగానో, అందులో చెప్పిన భయం ఎందుకు నిజం కాదో, అమ్మ జబ్బు సంగతి, ఎప్పుడు వెనక్కి తీసుకున్నానో, ఎందుకో. మూడవ వాక్యం దగ్గర అతని పెన్ను చాలాసేపు ఆగింది, 'మా చిన్నాన్న' అనే మాట తరువాత. ఆ లేఖతో వీసా వస్తుందని నేను హామీ ఇవ్వలేదు, ఇవ్వను, ఆ వ్యాపారం నాది కాదు. హోం శాఖకు నకలు అడుగుతూ ఇంకో ఉత్తరం అదే రోజు పంపాడు. సాయంత్రం కన్సల్టెన్సీవారు ఆ లేఖ చూసి, ఇందులో కంటెంట్ లేదని తేల్చి, వివరణ లేఖ తయారీకి ముందే తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వడం తమ పాలసీలో లేదని చెప్పారట.

స్టాంపు పేపరును చిన్నాన్న పారేయనివ్వలేదు. వంద రూపాయలు పెట్టి కొన్నదన్నాడు. వెనకవైపు ఖాళీగానే ఉంది కదా అని ఇంటికి పట్టుకుపోయి, ఈ కోతకు దిగిన కాయల లెక్క దాని మీద రాసుకుంటున్నాడట.