500 రూపాయల సింహస్వప్నం

నాసిరకం విత్తనాలు అంటగట్టేవాళ్లు ఈ దేశంలో ఎంత బిక్కుబిక్కుమంటూ బతుకుతున్నారో మనకేం తెలుసు! 1966 నాటి విత్తన చట్టం వాళ్లకు కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది. మొదటిసారి దొరికితే జరిమానా అక్షరాలా 500 రూపాయల దాకా. ఆ 'దాకా'ను గమనించండి, జడ్జిగారికి దయ కలిగితే తగ్గించొచ్చు కూడా. మళ్లీ దొరికితేనే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ.

2024లో బీటీ పత్తి ప్యాకెట్టుకు కేంద్రం ఖరారు చేసిన గరిష్ఠ ధర 864 రూపాయలు. గింజలు కొన్నందుకు రైతు కట్టేది 864, అవి నాసివని తేలితే అమ్మినవాడు కట్టేది 500. ఇద్దరిలో నేరస్తుడెవరో చట్టానికి బాగానే తెలిసినట్టుంది.

పైగా ఈ చట్టానికి మొహమాటం ఎక్కువ. ప్రభుత్వం నోటిఫై చేసిన రకాల జోలికే పోతుంది. విత్తనం నాణ్యతకు పూచీ ఇచ్చే సర్టిఫికేషన్ కూడా కంపెనీకి ఇష్టమైతేనే. అక్కర్లేదనుకుంటే ఆకుపచ్చ ట్యాగు కట్టి 'ట్రూత్‌ఫుల్లీ లేబుల్డ్' అనుకోవచ్చు. అంటే, నేను రాసింది నిజమేనని నేనే రాసుకున్నాను అని. మన పరీక్ష పేపరు మనమే దిద్దుకునే భాగ్యం చదువుకునే రోజుల్లో మనకు లేకపోయింది.

అసలు చూడాల్సింది తనిఖీ బృందం పొలానికి వచ్చే రోజు. మిరప తోట నడుమెత్తున ఏపుగా ఉంటుంది, కాయ మాత్రం ఉండదు. ఒక సారు కొమ్మ వంచి ఆకు వెనక్కి తిప్పి చూస్తాడు. ఇంకో సారు ఆకాశం వైపు చూస్తాడు.

"రసీదు ఉందా?"

"ఉద్దెరకు తెచ్చా సార్, చీటీ మీద రాసిచ్చాడు."

"ఖాళీ ప్యాకెట్టు? లాట్ నంబరు? పోనీ, నాలుగు గింజలన్నా దాచావా?"

"దాచడమేంది సార్, అన్నీ నారు పోశా."

"మరి మేమెట్లా తేల్చాలయ్యా?"

విత్తనం వేసినవాడి దగ్గర విత్తనం మిగల్లేదని ఆశ్చర్యపోయే మేధావులు వీళ్లు. రైతులు తెచ్చిన గింజలన్నీ విత్తేస్తారని 2012లో సుప్రీంకోర్టు జాతీయ విత్తన సంస్థ కేసులో చెప్పాల్సి వచ్చింది. అంత మాట చెప్పడానికి అంత పెద్ద కోర్టు!

నివేదిక వస్తుంది. మొలక శాతం బ్రహ్మాండం. మొలవలేదని ఎవరన్నారు సార్, కాయలేదంటున్నాడు! కారణాలు: అధిక ఉష్ణోగ్రత, అధిక వర్షపాతం, తెగులు, రైతు యాజమాన్య లోపం. ఆ సీజన్లో ఎండ తప్పు చేసింది, వాన తప్పు చేసింది, రైతు తప్పు చేశాడు. విత్తనం ఒక్కటే ముత్యం.

కొత్త చట్టం ఆలోచన లేకపోలేదు. 2004లో రాజ్యసభలో బిల్లు పెట్టారు. 2019లో ఒక ముసాయిదా, 2025లో ఇంకొకటి. మన దగ్గర ముసాయిదాల మొలక శాతం నూటికి నూరు, అవీ కాయవు.

యాజమాన్య లోపమట! కౌలు ముందే కట్టి, మందులకు వడ్డీకి తెచ్చి, రాత్రి కరెంటు ఎప్పుడొస్తుందా అని మోటారు దగ్గర పడుకున్నవాడిది యాజమాన్య లోపమా? అరవై ఏళ్ల కింద రాసిన 500 పక్కన ఒక్క సున్నా కూడా చేర్చలేనివాళ్లది కాదా? పోయింది ప్యాకెట్టు డబ్బులు కాదయ్యా, ఏడాది పోయింది. ఖరీఫ్ వెనక్కి రాదు. ఆ ఏడాది ఫీజు కట్టలేక చదువు మాన్పించిన పిల్లకు ఏ కమిటీ నివేదిక చూపిస్తారు?

రసీదు లేదని రైతును తిప్పి పంపేశారు కదా. కోర్టులో 500 కట్టిన వ్యాపారికి మాత్రం స్టాంపు కొట్టి మరీ రసీదు ఇస్తారు.