ఉత్త మందే కదా అంటే ఎట్లా?

సెప్టెంబర్ దగ్గరపడితే మన నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ దిక్కు తెలంగాణ సాయుధ పోరాటం యాదిల తీసే ఊరేగింపుల కమిటీలల్ల ఒకటే ముచ్చట. దళం వేషాలు ఎంతమందికి, రజాకార్ల వేషాలు ఎంతమందికి, తుపాకి ఎన్నిసార్లు పేలాలె. 10న ఐలమ్మ వర్ధంతి మొదలు 17 దాకా ఏదో ఒక ఊర్లె ఏదో ఒక బండి కదులుతనే ఉంటది. వేషాలు కట్టుకోండి, మంచిదే. పుస్తకం ముట్టని పిలగాడు గూడ బండి మీద గొంగడి కప్పుకున్నోణ్ని చూసి "ఎవరే ఆయన" అని అడుగుతడు. నా పంచాయతంతా ఆ పేల్చుడుతోనే.

"గుండు లేదన్నా, ఉత్త మందే" అంటరు. తూటాల గుండు లేకున్నా మందు ఉంటది, ఆ మందు కదలకుండ ముందట కాగితమో అట్టముక్కో కుక్కి ఉంటది. పేలినప్పుడు మూతి నుంచి నిప్పు, కాలని మందు పలుకులు, ఆ అట్టముక్క అన్నీ కలిసి బయటికి ఉరుకుతయి. 1984ల అమెరికాల జాన్ ఎరిక్ హెక్సమ్ అనే నటుడు టీవీ సీరియల్ సెట్ మీద ఉత్త తూటా ఉన్న రివాల్వర్‌ను పరాచికానికి కణతకు ఆనించి నొక్కిండు. లోపలి అట్టముక్క దెబ్బకే పుర్రె పగిలింది, మనిషి బతకలే. ఆనిస్తే అట్లుంటది. రెండు మూడు అడుగుల దూరంల మొఖం, కండ్లు కాలుతయి. తండ్రి భుజాల మీద కూసున్న పిల్ల చెవులు సరిగ్గ తుపాకి మూతి ఎత్తుకే వస్తయన్న సంగతి ఎవ్వరికీ యాదికుండది.

ఇగ భర్మారు. మూతి నుంచి మందు పోసి, గుడ్డపీలిక పెట్టి, ఇనుప కడ్డీతోని కూరి, వెనుక రాగి టోపీ పెట్టి పేల్చే తుపాకి. ఊరేగింపుల దీనితోని మూడు రకాల ఆపదలున్నయి. మొదటిది, కూరిన కడ్డీ గొట్టంలనే మర్చిపోవుడు. అప్పుడది బాణమే. రెండోది, గట్టిగ పేలాలని గుడ్డ ఎక్కువ కుక్కుడు. ఎంత బిగిస్తే లోపల అంత ఒత్తిడి, పాత గొట్టానికి తుప్పు పట్టిన చోట చీలుతది. మూడోది అన్నిటికంటె మాయదారిది. డీజే మోతల తుపాకి పేలిందో లేదో పేల్చినోనికే తెలవదు. పేలిందనుకొని మళ్ల మందు పోస్తడు. ఇప్పుడు లోపల రెండు పూటల మందు.

దీనికి విరుగుడు చాక్‌పీసే. వట్టి తుపాకిల కడ్డీ అడుగుదాక దించి, మూతి దగ్గర కడ్డీ మీద గీత గీయాలె. బయలుదేరే ముందట మళ్ల దించి చూడాలె. గీత మూతికి సమంగ వస్తే లోపల ఏం లేదు. గీత రెండు వేళ్ల ఎత్తు పైకి తేలిందంటె లోపల ఏదో ఉన్నట్టే. నిరుటి మందు కావచ్చు, కందిరీగ గూడు కావచ్చు, ఏదైనా ఆ తుపాకి ఆ రోజుకు పక్కన పెట్టుడే. ఈ పరీక్షకు అర నిమిషం చాలు. నొక్కినంక పేలకపోతే మూతి ఆకాశం దిక్కే పట్టి 60 లెక్కపెట్టాలె. సెప్టెంబర్ ముసురుకు మందు చెమ్మ పట్టి ఉంటది, నిప్పు లోపల నిదానంగ రాజుకుంటది. "ఏందిరా పేలతలేదు" అని మూతిల తొంగి చూసుడంటె యముని ఇంటికి పోయి తలుపు కొట్టుడే.

భర్మారు దొరకకపోతే ఇప్పుడు కోతుల తుపాకి దిగింది. పీవీసీ పైపుల కార్బైడ్ ముక్క, నాలుగు నీళ్ల చుక్కలు, వెనుక గ్యాస్ లైటర్. చేను కాడ కోతులను బెదిరిచ్చేది తెచ్చి నల్ల రంగేసి దళం చేతిల పెడుతున్నరు. కార్బైడ్‌కు నీళ్లు తగిలితే ఎసిటిలీన్ గ్యాస్ పుడుతది, వెల్డింగ్ షాపుల మండేది అదే. ఎన్ని నీళ్లు పడ్డయి, ఎంత గ్యాస్ నిండిందనేది ఎవని లెక్కకూ అందది. ఎండకు ఎండిన పీవీసీ గాజు లెక్క పగులుతది. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌ల ఇవే పైపులతోని ఎందరో పిల్లల కండ్లు దెబ్బతిన్నయి. నిజం చెప్పాలంటె దీనికంటె భర్మారే నయం, దాన్ని చూస్తే కనీసం భయమన్న ఉంటది.

చట్టం సంగతి రెండు మాటలల్ల. లైసెన్సు ఎవరి పేరు మీదుంటె తుపాకి వాళ్ల చేతిలనే ఉండాలె, వేషం కట్టిన బామ్మర్దికి ఇయ్యరాదు. 2019ల ఆయుధాల చట్టాన్ని సవరించినంక, సంబురాలల్ల జనం పానానికి ముప్పు వచ్చేటట్టు కాలిస్తే రెండేండ్ల దాక జైలు, లక్ష రూపాయల దాక జరిమానా, లేకుంటె రెండూ. ఉత్త మందే కదా అన్న వాదన కోర్టుల చెప్పుకోవాలె.

ఇంత చేసి చూపించేది చరిత్రేనా అంటె అదీ కాదు. బండి మీద అట్ట తుపాకులు చూడుండ్రి, సగం ఏకే-47లే. అది సోవియట్ సైన్యం చేతికొచ్చిందే 1949ల. 1946 కడవెండి ఘట్టంల దాన్ని పట్టుకున్నోడు ఏ లోకం నుంచి దిగిండు? 1946 జులై 4న కడవెండి ఊర్లె విసునూరు దొర మనుషులు గడి కాడ కాలిస్తే దొడ్డి కొమరయ్య పడిపోయిండు. తుపాకి ఆ దిక్కున ఉండె. ఈ దిక్కున జనం చేతులల్ల కర్రలు, గుతపలు, వడిసెలలే. మన బండ్ల మీద జనమే ధనధన కాలుస్తుంటె ఆ ఒక్క చావు బరువు ఏడికి పోయింది?

ఆ ఘట్టానికి ఒక్క చప్పుడు చాలు. రెండడుగుల పొడుగు, నాలుగు అంగుళాల వెడల్పున్న టేకు చెక్కలు రెండు తీసుకొని, ఒక కొసకు బందు కొట్టి, వెనుక రెండు పిడులు బిగియ్యాలె. తెరిచి ఫటుక్కున మూస్తే తుపాకి చప్పుడే. నడుమ చిటికెడు ముగ్గుపొడి చల్లితే పొగ లేస్తది. గోధుమపిండి మాత్రం వద్దు, పక్కన కాగడా ఉంటె భగ్గుమంటది. ఆ చప్పుడుకు ముందు డప్పులు ఆపాలె, తర్వాత గూడ పది లెక్కపెట్టేదాక కొట్టొద్దు. జనం గొంతులల్ల గుటక అప్పుడు పడుతది.

పోలీసుల అనుమతి తీసుకొని, తెలిసినోనితోని నిజమైన తుపాకే పేల్పిస్తమంటరా, సరే. నడుస్తున్నప్పుడు మాత్రం కాదు, ఒక్క చోట నిలబడి, ఒక్కడే. చుట్టూ ఇరవై గజాలు తాడు కట్టాలె, పైన కరెంటు తీగ, చెట్టు కొమ్మ ఉండొద్దు. మందు ముందే పొట్లాలు కట్టి మూతున్న కట్టె పెట్టెల పెట్టి, పెట్టె కాడ బీడీ తాగని మనిషిని కూసోబెట్టాలె. కడ్డీ ఆ మనిషి చేతిలనే ఉండాలె, తుపాకి కాడికి పోవద్దు. గుడ్డ కుక్కకుండ ఉత్త మందుతోనే పేల్చాలె. చప్పుడు కొంత తగ్గుతది, తగ్గనియ్యండి. గుర్రం తెచ్చి దొర వేషమోణ్ని ఎక్కిస్తె దాన్ని ఇంకా దూరం పెట్టండి.

చివరికి బట్టలు. కిరాయి కొట్ల దొరికే ఖాకీ చొక్కాలు ఎక్కువ పాలిస్టర్‌వే. నిప్పురవ్వ పడితే కరిగి తోలుకు అంటుకుంటది, పీకితే తోలుతో సహా వస్తది. పేల్చేటోనికి నూలు బట్టలు, మీద పాలమూరు నల్లగొర్రె ఉన్ని గొంగడి. ఉన్ని జల్దిన అంటుకోదు, రవ్వ పడ్డచోట మాడి ఆగిపోతది. వేషానికి గూడ అదే అసలుది. కిరాయి కొట్ల అడిగితె బొంత చూపిస్తరు, కురుమోళ్ల ఇండ్లకు పోయి అడుగుండ్రి, ఒక్కరోజుకు కాదనరు. వానకు తడిసిన గొంగడి మస్తు బరువైతది, వేషమోణ్ని మాత్రం ముందే తినిపిచ్చి ఎక్కించుండ్రి.